చెరువు ఒడ్డున రెండు డేరాలు

గంగులమ్మ మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో నాసర్ గారింట్లో వంటమనిషిగా చేరి మూడేళ్ళు కావొస్తున్నా, ఒక అబద్ధం మాత్రం ఆమె గుండెల మీద నుంచి దిగలేదు. ఆ అబద్ధం ఆమె నోటితో ఆడింది కాదు. రాయచోటిలో ఏజెంటు కాగితాల మీద రాసి పంపాడు, హైదరాబాదులో పెద్ద హోటల్లో ఎనిమిదేళ్ళు వంట చేసిన మనిషి అని. నిజానికి గంగులమ్మ హోటలు గడప తొక్కింది కూడా లేదు. పెళ్ళికి ముందు నాయన వెంట, పెళ్ళయ్యాక మొగుడు గురవయ్య వెంట, గొర్రెల మంద తోలుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. కోతలైపోయిన చేలల్లో మంద ఆపుకుని, అక్కడే నాలుగు కర్రలు పాతి పైన పట్ట కట్టి, మూడు రాళ్ళ మీద సంగటి కెలికిన మనిషి. వరసగా మూడేళ్ళు వానలు మొహం చాటేసి మంద అమ్ముకోవలసి వచ్చాక, గురవయ్య మదనపల్లె టమోటా మండీలో పనికి కుదిరాడు. ఆమె మస్కట్ విమానం ఎక్కింది.

నాసర్ భార్య జువైనా యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తుంది. మంచి మనిషే. కానీ ఆమె ఎప్పుడైనా వంటింట్లోకి తొంగిచూసి, "హోటల్లో కూడా ఇలాగే చేస్తారా గంగా?" అని అడిగితే చాలు, గంగులమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. నిజం తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారని ఆమె భయం. అందుకని గొర్రెల మాట ఆ ఇంట్లో ఒక్కనాడూ ఎత్తలేదు.

ఆ ఇంట్లో మాట తగ్గించుకున్న మనిషి ఇంకొకామె ఉంది. నాసర్ తల్లి సఫూరా. ఇంటివాళ్ళు గంగులమ్మకు ఆమెను 'మామా కబీరా' అని పరిచయం చేశారు, అంటే పెద్దమ్మ అని. ఆమె పుట్టి పెరిగింది ఖురియాత్ అనే ఊరి వెనక కొండల్లో. కాపురం చేసింది ఖురియాత్‌లో. గోను తుఫానుకు నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు బురదలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి నాసర్ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఎముక అతికి ఏడాది దాటింది. నడవొచ్చని డాక్టర్లు చెప్పారు, నర్సులు చెప్పారు, కొడుకు బతిమాలాడు. ఆమె చక్రాల కుర్చీ దిగలేదు. ఏం అడిగినా 'లా' అనేది, అంటే వద్దు అని. గంగులమ్మ పెనం మీద పల్చగా కాల్చిన రొట్టె మాత్రం కాదనకుండా తినేది.

తుఫాను వచ్చిపోయిన రెండో ఏడు, జనవరిలో పిల్లల బడులకు సెలవులిచ్చారు. జువైనా ఒక కాగితం తెచ్చి భర్త ముందు పెట్టింది. ఖురియాత్ దాటాక కొండల మధ్య చిన్న ఆనకట్ట వెనక చెరువు ఒకటుంది. దాని ఒడ్డున సర్కారు వారి పార్కులో కొత్తగా డేరాలు అద్దెకిస్తున్నారు. అందులో గుండ్రటి డేరా ఒకటి, లోపల మంచాలు, తివాచీలు, గాజు దీపాలు. "అమ్మ పుట్టిన కొండలకు అది దగ్గరే కదా," అంది జువైనా. అత్తగారిని అడిగితే ఆమె మామూలుగానే 'లా' అంది. నాసర్ అది విననట్టు కుర్చీ మడిచి పికప్‌లో పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం అక్కడికి చేరారు. బోడి కొండల నడుమ నీళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. ఒడ్డు పొడుగునా ముళ్ళ తుమ్మలు, వాటి కింద నల్ల మేకలు. పికప్ దిగగానే గంగులమ్మకు మేకల వాసన తగిలింది. మూడేళ్ళుగా ఫినాయిల్ వాసన, మసాలా వాసన తప్ప ఎరగని ముక్కు. తనకు తెలియకుండానే నాలుగడుగులు మేకల వైపు వేసి, గుర్తొచ్చి ఆగింది.

క్యాంపు ఇన్‌ఛార్జి ఎదురొచ్చాడు. నాసర్‌తో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ కలిపి గడగడ మాట్లాడాడు. గంగులమ్మ వంట సామాన్లు దించుతూ "అమ్మయ్య, నడుం విరిగిపాయ" అని గొణుక్కోవడం విని టక్కున తిరిగి చూశాడు.

"తెలుగువారాండి? నా పేరు ప్రసాద్ బాబండి. మాది రాజోలు దగ్గరండి. మీరు కడప వైపనుకుంటాను."

"రాయచోటి అన్నా. నా పేరు గంగులమ్మ. ఇదేనా గుండు డేరా?"

ప్రసాద్ బాబు ముఖం వెలిగిపోయింది. దాన్ని చూపించడమంటే అతనికి సరదా. "మంగోలియా అని ఒక దేశం ఉందండి. అక్కడ గుర్రాలు మేపుకునేవాళ్ళ ఇల్లండి ఇది. యర్ట్ అంటారు. ఈ గోడ చూశారా, మన కొట్ల ముందు మడత గేటు ఉంటుంది కదండి, అలా లాగితే తెరుచుకుంటుంది. పైన ఆ చట్రం చూడండి, బండి చక్రంలా ఉంటుంది. వాసాలన్నీ దాంట్లోకే పోతాయి. మూడు రోజులు పట్టిందండి నిలబెట్టడానికి. పెట్టెలో వచ్చిన పుస్తకమంతా చైనా భాషండి. బొమ్మలు చూసి చేశాను."

గంగులమ్మ చుట్టూ తిరిగి చూసింది. బాగుంది. గొర్రె ఉన్నితో చేసిన పట్ట అనుకుంది గానీ, తడిమి చూస్తే మామూలు కాన్వాసే. ద్వారం కొండవైపు పెట్టాడు, లోపల మంచం మీద పడుకుంటే కొండ కనపడాలని. తాళ్ళు సన్నటి ఇనప మేకులకు కట్టాడు. కాలితో ఒక మేకును తట్టింది. గులకరాళ్ళ నేల, మేకు కదిలింది. ఏదో అనబోయి, హోటల్ వంటమనిషికి ఇవన్నీ ఎందుకులే అని ఊరుకుంది.

జువైనా పిల్లలిద్దర్నీ తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళింది. నాసర్, ప్రసాద్ బాబు జనరేటర్ సంగతి చూసుకోవడానికి అటు పోయారు. వంట డేరా వేసే పని గంగులమ్మ మీద పడింది. అది పెద్ద డేరా కాదు. ఒక కాన్వాసు పట్ట, రెండు కర్రలు, తాళ్ళు. సఫూరా కుర్చీని తుమ్మ చెట్టు నీడలో పెట్టి, కాళ్ళ మీద శాలువా కప్పి, గంగులమ్మ పనిలోకి దిగింది.

గాలి చెరువు మీంచి వస్తోంది. కాబట్టి డేరా వీపు చెరువుకు, నోరు కొండకు ఉండేలా కర్రలు నిలబెట్టింది. అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది.

"లా."

గంగులమ్మ తిరిగి చూసింది. సఫూరా చేత్తో అటు తిప్పమని చూపిస్తోంది. నోరు చెరువుకు, వీపు కొండకు.

"గాలి నీళ్ళ నుంచి వస్తోంది మామా. నోరు అటు పెడితే పొయ్యి పొగంతా మన కళ్ళల్లోనే," అంది గంగులమ్మ తనకొచ్చిన అరబ్బీలో.

"ఇప్పుడు నీళ్ళ నుంచి. సూర్యుడు ఆ కొండ వెనక్కి పోతే కొండ నుంచి దిగుతుంది. ఇంకా గట్టిగా దిగుతుంది."

ఏడాదిన్నరలో ఆమె నోట ఇంత పొడుగు మాట గంగులమ్మ వినలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు కూడా. భోజనాల వేళ దగ్గర పడుతోంది, మాంసం ఇంకా కోయలేదు. నలభై ఏళ్ళు డేరాలు వేసిన మనిషికి డేరా ఎటు తిప్పాలో ఒకరు చెప్పడం కష్టంగానే ఉంటుంది.

"నాకు తెలుసు మామా," అంది.

"నీకేం తెలుసు? హోటల్లో కొండ గాలి ఉంటుందా?"

ఆ మాటకు గంగులమ్మకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే అరబ్బీ రాదు ఆమెకు. "ఓ యమ్మా, నువ్వు ఆడ కుర్చీలో కూర్చోని ఇటు తిప్పు అటు తిప్పు అంటే నాకెట్ల తెలుస్తాది? అంత తెలిస్తే ఇటొచ్చి సూపీ," అని తెలుగులో అనేసి, మళ్ళీ కర్ర వైపు తిరిగింది.

వెనక కుర్చీ కిర్రుమంది.

గంగులమ్మ ఓరగా చూసింది. సఫూరా రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి లేచి నిలబడి ఉంది. శాలువా కింద పడింది. మోకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ముసలామె కళ్ళు మాత్రం డేరా మీదే ఉన్నాయి.

గంగులమ్మ అరవలేదు, పరిగెత్తలేదు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మొదటిసారి లేచి నిలబడుతుంటే దగ్గరికి పోయి సాయం పట్టకూడదని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బెదిరితే కూలబడుతుంది. అందుకని ఏమీ చూడనట్టే ముఖం పెట్టి, చేతిలో కర్ర పొడుగ్గా అటు చాపింది.

"అయితే ఈ కర్ర ఎక్కడ పెట్టాలి మామా?"

సఫూరా ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకోటి వేసింది. మూడో అడుగుకు కర్ర చివర అందుకుంది. దాని మీద బరువు ఆనించి ఊపిరి తీసుకుని, "ఇక్కడ," అని కాలి బొటనవేలితో చూపించింది.

ఇద్దరూ డేరా మొత్తం తిప్పేశారు. తాళ్ళ దగ్గరికొచ్చేసరికి గంగులమ్మ మేకుల సంచీ పక్కన పడేసి, ఖాళీ బియ్యం సంచుల్లో గులకరాళ్ళు నింపడం మొదలుపెట్టింది. సఫూరా అది చూసి మొదటిసారి తల ఊపింది. సంచికి తాడు కట్టి మోకాలి లోతు గోతిలో పాతితే ఏనుగు లాగినా రాదు. సఫూరా నాయన కూడా అలాగే చేసేవాడట, సంచులు లేక మేక తోళ్ళల్లో నింపేవాడట. గంగులమ్మ గొయ్యి తవ్వుతుంటే, సఫూరా ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేత్తో తాడు బిగించింది. ముడి వేయడం చూసి గంగులమ్మ ఆశ్చర్యపోయింది. తమ మందలో మగవాళ్ళు కూడా అంత చక్కటి ముడి వేయలేరు.

నీళ్ళ దగ్గర నుంచి పెద్దపిల్ల జోఖా ఇటు చూసింది. "బాబా, నానమ్మ నిలబడింది," అని అరుచుకుంటూ పరిగెత్తింది. నాసర్ జనరేటర్ వదిలేసి వచ్చాడు. పది అడుగుల దూరంలో ఆగిపోయి, తల్లిని చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకోబోయాడు.

"ఏం చూస్తావు? ఆ తాడు పట్టుకో," అంది సఫూరా.

అతను తాడు పట్టుకున్నాడు. జువైనా వచ్చి, కుర్చీ తెచ్చి అత్తగారి వెనక పెట్టింది. ఈసారి సఫూరా కూర్చుంది గానీ, కూర్చునే ముందు ప్రసాద్ బాబును పిలిచింది. గుండ్రటి డేరా ద్వారం కూడా చెరువు వైపు తిప్పమంది. ప్రసాద్ బాబు గంగులమ్మను చూశాడు.

"పెద్దావిడకి మీరే చెప్పండి గంగులమ్మ గారూ. అది తిప్పాలంటే విప్పేసి మళ్ళీ కట్టాలండి. ఒక రోజు పని. ఏం ఫర్లేదండి, కంపెనీ మేకులు."

"మేకులు నేను సూస్తి అన్నా. ఊగుతాండాయి. పైన పట్టకన్నా ఇంకో తాడు కట్టు."

"చూద్దామండి," అన్నాడు అతను మర్యాదగా. ఆ మాటకు రాజోలులోనైనా రాయచోటిలోనైనా ఒకటే అర్థం.

సూర్యుడు కొండ వెనక్కి జారాడు. గంగులమ్మ మాంసం ముక్కలు కడ్డీలకు గుచ్చి నిప్పుల మీద పెట్టింది. చెరువు గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. పొగ నిలువుగా పైకి లేచింది. సఫూరా కొండ వైపు చూపు తిప్పి వేలు పెదవుల మీద పెట్టుకుంది, వింటున్నట్టు.

ముందు మేకలు లేచాయి. తర్వాత పైనెక్కడో రాళ్ళ మధ్య ఈల వేసినట్టు వినిపించింది. ఆ వెంటనే చల్లటి గాలి కొండ మీంచి ఒక్క ఊపున దిగింది. వంట డేరా వీపు ఉబ్బి, తాళ్ళు బిగిసి, సంచులు కదలకుండా నిలబడింది. నిప్పుల మీద బూడిద కూడా లేవలేదు.

గుండ్రటి డేరాకు ద్వారం కొండవైపే కదా. తలుపు ధడాలున తెరుచుకుని గాలి లోపలికి పోయింది. డేరా పొట్ట నిండినట్టు ఉబ్బింది. మేకులు ఒకటొకటే టప్ టప్‌మని ఊడాయి. పైన పట్ట ముందు ఒక అంచు లేపింది, తర్వాత ఇంకో అంచు, ఆ తర్వాత మొత్తం లేచి, పెద్ద అప్పడంలా గాలిలో తేలుకుంటూ పోయి చెరువులో పడింది. కింద మడత గేటు గోడ, పైన వాసాలు మాత్రం ఖాళీ బుట్టలా నిలబడి ఉంది. ఆ బుట్టలో మంచం మీద కూర్చుని జువైనా చిన్నకూతురికి జడ వేస్తోంది. దువ్వెన పట్టుకునే తల పైకెత్తి చూసింది. ఇంటికప్పు ఉండాల్సిన చోట చుక్క ఒకటి కనపడింది.

తర్వాత ఒక నవ్వు వినిపించింది. సఫూరా నవ్వుతోంది. కుర్చీలో ముందుకు వంగి, పొట్ట పట్టుకుని, పళ్ళు లేని నోరంతా తెరిచి. ఆమెను చూసి పిల్లలు, పిల్లల్ని చూసి జువైనా. ప్రసాద్ బాబు ఒక్కడే తలపట్టుకుని ఒడ్డుకు పరిగెత్తాడు.

పట్ట బయటికి తీయడం తేలిక కాలేదు. నాసర్ తన పొడుగు అంగీ, దిష్‌దాషా, నడుముకు చెక్కుకుని నీళ్ళలోకి దిగాడు. ఇద్దరూ లాగుతుంటే పట్ట కింద నీళ్ళు నిండి ఇంకా బరువెక్కింది. గంగులమ్మ కడ్డీలు జోఖాకు అప్పగించి ఒడ్డుకు పోయింది.

"అట్ల నడిమికి లాగితే రాదన్నా. అంచు దొరకబట్టు. సుట్టలాగ సుట్టుకుంటా రా. నీళ్ళు దానంతటవే కారిపోతాయి."

చుట్టిన పట్టకు తాడు కట్టి, రెండో కొస పికప్‌కు తగిలించి మెల్లగా లాగారు. చీకటి పూర్తిగా పడేలోపు పట్ట ఒడ్డున ఉంది. ప్రసాద్ బాబు తడిసిన ప్యాంటుతో గులకరాళ్ళ మీద కూలబడి, "గోదాట్లో పడవ లాగినట్టుందండి బాబూ," అన్నాడు.

ఆ రాత్రి భోజనాలు అందరికీ వంట డేరాలోనే. తివాచీలు, పరుపులు అందులోకే తెచ్చి పరిచారు. నోరు చెరువు వైపు ఉంది కనుక గాలి లోపలికి రావడం లేదు, పొగ బయటికి పోతోంది. ప్రసాద్ బాబును కూడా కూర్చోబెట్టుకున్నారు. రొట్టెలు కాలుతుండగా జువైనా గంగులమ్మ వైపు చూసింది.

"సంచుల్లో రాళ్ళు పాతడం, పట్ట చుట్టడం. ఇదంతా హైదరాబాద్ హోటల్లో నేర్పారా గంగా?"

గంగులమ్మ చేతిలో రొట్టె పెనం మీద పడింది. అబద్ధం చెప్పడానికి ఆ రోజు ఆమెకు ఓపిక లేదు. మేకల వాసన, తాళ్ళు, నిప్పులు అన్నీ కలిసి ఆమెను మూడేళ్ళ వెనక్కి తీసుకుపోయాయి. మెల్లగా అంది. "హోటల్ లేదు మేడం. ఎప్పుడూ లేదు. ఏజెంట్ రాశాడు. నేను గొర్రెలు మేపాను. పుట్టినప్పటి నుంచి గొర్రెలే. మీరు పంపేస్తానంటే పంపేయండి."

జువైనా, నాసర్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాసర్ దగ్గి, నవ్వు ఆపుకోవడానికి ఖావా కప్పు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"గంగా, నువ్వు వచ్చిన మొదటి రోజు ఏం చేశావో గుర్తుందా?" అంది జువైనా. "గ్యాస్ స్టవ్ కింద నేల మీద పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చుని వండావు. నేను ఇతణ్ణి పిలిచి చూపించాను. హైదరాబాద్ హోటళ్ళలో అలాగే వండుతారేమో, ఊరుకో అన్నాడు. తర్వాత ఈద్‌కి కసాయివాడు గొర్రెను కోయగానే నువ్వు కత్తి అందుకుని, తోలు ఒక్క చిరుగు లేకుండా ఒలిచి ఆరేశావు. ఏ హోటల్ వంటమనిషికి వస్తుందది? మాకు మూడేళ్ళ నుంచీ తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెబుతావని చూశాం. పైగా నీ రొట్టె బాగుంటుంది."

గంగులమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళు మోసిన బరువు అందరికీ కనపడుతూనే ఉందంటే, ఇన్నాళ్ళూ ఒక్కతే ఎందుకు మోసినట్టు? కొంగుతో ముఖం తుడుచుకుని, మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది. ప్రసాద్ బాబు దాన్ని అందుకుని తిన్నాడు. "మాడినా బాగుందండి," అన్నాడు.

సఫూరా ఇదంతా పట్టించుకోలేదు. ఆమెకు వేరే సంగతి కావాలి. "ఎన్ని గొర్రెలు?" అని అడిగింది.

"బాగా ఉన్నప్పుడు రెండొందల పది మామా."

సఫూరా పెదవి విరిచింది. "మాకు మేకలు. నలభై. కానీ మేక అంటే మేక. గొర్రె ఒకటి ఎటు పోతే అన్నీ అటే పోతాయి. నలభై మేకలు నలభై దిక్కులకు పోతాయి. గొర్రెలు కాయడం ఒక పనా?"

"రెండొందలు ఒకేసారి రోడ్డు దాటిస్తే తెలుస్తుంది మామా. అటు లారీ, ఇటు బస్సు."

"కొండ మీద నుంచి దింపితే తెలుస్తుంది."

వాళ్ళ వాదన ఎడతెగలేదు. నక్కలకు ఏ కుక్క మంచిదన్న దగ్గర మొదలై, ఈనలేకపోతున్న మేకకు ఏ ఆకు పెట్టాలన్న దాకా వచ్చింది. అరబ్బీ చాలనప్పుడు గంగులమ్మ తెలుగు కలిపింది, చేతులతో చూపించింది. సఫూరా కూడా అంతే. ఆకుల పేర్లు ఇద్దరికీ కలవలేదు గానీ, నలిపితే వచ్చే వాసన చెప్పుకుంటే కలిశాయి. నాసర్ పరుపుల మీద చేరబడి తల్లి గొంతు వింటూ అలాగే నిద్రపోయాడు.

తెల్లవారాక గంగులమ్మ లేచేసరికి పక్క పరుపు ఖాళీగా ఉంది. బయటికి వస్తే, సఫూరా డేరా పక్కన మిగిలి ఉన్న కర్ర ఒకటి ఊతగా పట్టుకుని నీళ్ళ వైపు నడుస్తోంది. అడుగడుగుకీ ఆగుతోంది. గంగులమ్మ వెళ్ళి పక్కన నడిచింది, పట్టుకోలేదు. నీళ్ళ అంచున ముసలామె చేయి చాపింది, అప్పుడు పట్టుకుంది. ఇద్దరూ ముఖాలు కడుక్కున్నారు. నీళ్ళు చురుక్కుమనేంత చల్లగా ఉన్నాయి.

ప్రసాద్ బాబు అప్పటికే పట్ట ఆరబెట్టి, ఖాళీ సంచులు పది పోగేసుకుని ఎదురు చూస్తున్నాడు. "గంగులమ్మ గారూ, ఈ సంచుల పని కాస్త నేర్పరా? ఈసారి ద్వారం పెద్దావిడ ఎటు చెబితే అటేనండి."

గుండ్రటి డేరా మళ్ళీ నిలబడడానికి ఆ రోజంతా పట్టింది. గంగులమ్మ గోతులు చూపించింది, నాసర్ తవ్వాడు, జోఖా రాళ్ళు ఏరింది. సఫూరా కుర్చీని తోసుకుంటూ చుట్టూ తిరిగి, ప్రతి ముడినీ లాగి చూసి, మూడు విప్పించి మళ్ళీ వేయించింది. అలసినప్పుడు అదే కుర్చీలో కూర్చుని, కాస్త ఆగి మళ్ళీ లేచింది. సాయంత్రం కొండ గాలి దిగినప్పుడు అందరూ పని ఆపి నిలబడ్డారు. డేరా ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, తర్వాత నిమ్మళంగా నిలబడింది. ప్రసాద్ బాబు గట్టిగా ఊపిరి వదిలాడు.

శుక్రవారం రాత్రికి ఇంటికి పోవాలన్నది అసలు అనుకున్న సంగతి. నాసర్ సామాన్లు సర్దబోతే సఫూరా 'లా' అంది. ఆ గుండ్రటి దాంట్లో తాను ఇంకా పడుకోనే లేదంది. శనివారం పొద్దున నాసర్ ఫోనుకు సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి ఆఫీసుకు కబురు చెప్పాడు, ఇవాళ డ్యూటీకి రాలేనని, అమ్మ నడుస్తోందని. అవతలి మనిషి అర్థం కాక మళ్ళీ అడిగినట్టున్నాడు. నాసర్ ఇంకోసారి, ఈసారి నింపాదిగా, ఆ మాటే చెప్పాడు.